కట్టినవారి పేరు

నెదర్లాండ్స్ దేశంలో రాటర్‌డామ్ అనే ఓడరేవు పట్నం ఉంది. అక్కడ న్యూవె ఇన్‌స్టిట్యూట్ పేరుతో ఒక సాంస్కృతిక కేంద్రం నడుస్తున్నది. ఇళ్ళ నిర్మాణం, వస్తువుల డిజైన్, డిజిటల్ సంస్కృతి, ఈ మూడింటి కోసమే దాన్ని పెట్టారు. అంతకుముందు మూడింటికీ వేరువేరు సంస్థలు ఉండేవి. 2013 జనవరి నుంచి వాటిని ఒకటి చేశారు. మేము అక్కడికి పోయి చూసినవాళ్ళం కాదు. చదివినదాన్ని బట్టి, ఫోటోల్లో చూసినదాన్ని బట్టి ఒక సంగతి మా మనసులో నిలిచిపోయింది. ఆ దేశపు ఆర్కిటెక్టుల కాగితాలు అక్కడ భద్రంగా ఉంటాయి. గీసిన నక్షలు, చేసిన నమూనాలు, రాసుకున్న ఉత్తరాలు, ఎవరివి వారి పేరు మీద. పక్కనే 1933లో కట్టిన ఒక ఇల్లు కూడా ఉంది, సొన్నెవెల్డ్ ఇల్లు అంటారు. ఒక ఫ్యాక్టరీ డైరెక్టర్ తన కుటుంబం కోసం కట్టించుకున్న ఇల్లు. దాన్ని లోపలి సామానుతో సహా మ్యూజియంగా కాపాడుతున్నారు. అందులో ఎవరున్నారో తెలుసు, ఎవరు గీశారో తెలుసు. ఇల్లు అనేది ఒక మనిషి ఆలోచన అని అక్కడ ఒప్పుకున్నారు.

అది డబ్బున్న దేశం, వాళ్ళకు సాగుతుంది అని కొట్టిపారేయవచ్చు. కానీ డబ్బుతో ముడిపడిన మాట కాదిది. మన పేరు మీద కూడా కోట్లు పెట్టి భవనాలు కట్టారు. 2022 సెప్టెంబర్ 17న బంజారాహిల్స్‌లో కుమ్రం భీం ఆదివాసీ భవన్‌ను ప్రారంభించారు. జోడేఘాట్‌లో స్మారకం ఉంది, మ్యూజియం ఉంది. మాసబ్ ట్యాంక్‌లో గిరిజన సంస్కృతి పరిశోధన, శిక్షణ సంస్థ 1963 నుంచి ఉంది, దానితోపాటు నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియం ఉంది. మాదాపూర్‌లో 1992 నుంచి శిల్పారామం ఉంది, అందులో పల్లె ఇళ్ళను చూపే గ్రామీణ మ్యూజియం ఉంది. కాబట్టి మనకు భవనం లేదు అన్నది మా ఫిర్యాదు కాదు. ఆ భవనాల్లో మనల్ని ఏ గదిలో కూర్చోబెట్టారు అన్నదే మేము అడుగుతున్నది.

మాసబ్ ట్యాంక్‌నే చూడండి. గిరిజన మ్యూజియం అక్కడే ఉంది. జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ కూడా అక్కడే ఉంది. ఒక దాని నుంచి ఇంకో దానికి నడిచి పోవచ్చు. ఇల్లు కట్టే విద్య ఒక గేటు లోపల ఉంటే, మన ఇల్లు ఇంకో గేటు లోపల ఉంది. మొదటిదాన్ని చదువు అన్నారు. రెండోదాన్ని సంస్కృతి అన్నారు. సంస్కృతి అనే మాట వినడానికి గౌరవంగానే ఉంటుంది. కానీ దానికి డిగ్రీ లేదు, ఫీజు లేదు, సంతకం లేదు. గచ్చిబౌలి వైపు పోతే అక్కడా ఇదే తీరు. శిల్పారామంలో చేతిపనులు. దానికి ఎంతో దూరం లేని రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన టీ వర్క్స్, కొత్త వస్తువుల నమూనాలు తయారుచేసే పెద్ద కేంద్రం. అక్కడ చేసేదాన్ని డిజైన్ అంటారు. ఓజా అన్న మైనంతో బొమ్మ చేసి, మట్టి పూసి, కంచు పోసి తీసేదాన్ని హస్తకళ అంటారు. రెండింటిలోనూ ముందు ఊహ, తర్వాత అచ్చు, తర్వాత వస్తువు. వరస ఒకటే.

మ్యూజియాలు ఉండకూడదని మేము అనడం లేదు. మా బడి పిల్లలను యాత్రకు తీసుకుపోయినప్పుడల్లా మ్యూజియం చూపిస్తూనే ఉన్నాం. గాజు వెనక తమ అవ్వ మెడలోని పేరు వంటిదే ఇంకో పేరు చూసి వాళ్ళు ఉబ్బిపోతారు. అది చిన్న విషయం కాదు. అయితే గిరిజన మ్యూజియం అనే పద్ధతి దేశమంతటా ఒకే మూసలో నడుస్తున్నది. గోండు ఇల్లు, కోయ ఇల్లు, చెంచు గుడిసె అని రాసి ఉంటుంది. తెగ పేరు కనబడుతుంది, మనిషి పేరు కనబడదు. ఏ ఊరి ఇల్లు, ఏ ఏడు కట్టినది, ఎవరు వాసాలు ఎక్కించారు, ఎవరు గోడ పూశారు అన్నది ఉండదు. రాటర్‌డామ్‌లో ఇల్లు మనిషి ఆలోచన అయితే, మన దగ్గర అది తెగ అలవాటు. పిట్ట గూడు కట్టినట్టు మనం ఇల్లు కడతామని వాళ్ళ నమ్మకం. పిట్టను ఎవరూ పేరు అడగరు కదా.

ఈ మాట కనకమామిడిలో మాకు ఇంకా గట్టిగా తగిలింది.

హైదరాబాద్ నుంచి బీజాపూర్ పోయే రోడ్డు మీద మొయినాబాద్ దాటాక కనకమామిడి వస్తుంది, ఆ తర్వాత చేవెళ్ళ. ఈ దారి మర్రిచెట్ల దారి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా వందల మర్రిచెట్లు రోడ్డుకు రెండు పక్కలా ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేస్తామంటే వాటిని నరకొద్దని పట్నపు ప్రకృతి ప్రేమికులు ఏళ్ళపాటు కొట్లాడారు, చెట్టు చెట్టుకూ లెక్క తీశారు, హరిత ట్రిబ్యునల్ దాకా పోయారు. మంచి పని చేశారు. జంట జలాశయాలను కాపాడాలని 1996లో తెచ్చిన 111 జీవో వల్ల ఈ వైపు 84 ఊళ్ళలో పెద్ద కట్టడాలకు అడ్డు వచ్చింది. అపార్టుమెంట్లు రాని ఈ వైపుకు ఫామ్‌హౌసులు వచ్చాయి. ఇప్పుడు ఫామ్‌హౌసుల్లో మట్టి ఇంటి మోజు నడుస్తున్నది. వెదురు తడక, మట్టి పూత, గూన పెంక. పట్నంలో వారమంతా ఏసీలో ఉన్నవాళ్ళు శని, ఆదివారాలు మట్టి గోడ పక్కన పడుకోవడానికి వస్తారు.

ఆ మధ్య ఒక శిక్షణకు హైదరాబాద్ వచ్చినప్పుడు మేము నలుగురు పంతుళ్ళం కలిసి కనకమామిడి దగ్గర ఒక తోటకు పోయాం. మా ఉట్నూరు వైపు పిల్లగాడు, వరసకు మేనల్లుడు, అక్కడ పనిలో ఉన్నాడు. తోట పేరు, యజమాని పేరు ఇక్కడ అక్కర్లేదు. పిల్లగాని పేరు కూడా రాయడం లేదు, పని పోతుందని వాడే వద్దన్నాడు. అక్కడ ఒక అతిథి ఇల్లు కడుతున్నారు. తడక అల్లింది వాడు. మట్టి ఏ చెరువుదో చూసి, ఎంత వరిగడ్డి కలపాలో, ఎన్ని రోజులు తొక్కి పులియబెట్టాలో చెప్పింది వాడు. వెదురును వెన్నెల తగ్గే రోజుల్లో కొట్టి నీళ్ళలో నానబెడితే పురుగు పట్టదని చెప్పింది కూడా వాడే. ఆర్కిటెక్ట్ శ్రద్ధగల మనిషేనట, అన్నీ అడిగి పుస్తకంలో రాసుకున్నాడట. ఆయన చేర్చినవి కూడా ఉన్నాయి, కాదనకూడదు. గోడ కింద రాతి పునాది ఎత్తు పెంచాడు, పెంకు కింద నీళ్ళు దిగని పొర వేయించాడు. గేటు పక్కన బోర్డు ఉంది. దాని మీద సంస్థ పేరు, ఆర్కిటెక్ట్ పేరు, సహజ నిర్మాణం అనే మాట ఉన్నాయి. మా వాని పేరు హాజరు పుస్తకంలో ఉంది, హెల్పర్ అనే కాలంలో.

"గోడ మనదే మామా, బోర్డు వాళ్ళది" అన్నాడు వాడు. నవ్వుతూనే అన్నాడు. వాడికి పెద్ద బాధేమీ లేదు. కూలి సరిగా ఇస్తున్నారు, తిండి పెడుతున్నారు. బాధ మాకు. ఎందుకంటే అదే పిల్లగాని సొంత ఊళ్ళో వాళ్ళ నాయన కట్టిన అలాంటి ఇంటినే ప్రభుత్వ లెక్కల్లో కచ్చా ఇల్లు అని రాశారు. మట్టి గోడ, గడ్డి కప్పు ఉంటే కచ్చా. ఇటుక, సిమెంటు ఉంటే పక్కా. అదే మట్టి కనకమామిడిలో డిజైన్ అయింది, ఉట్నూరులో పేదరికం అయింది. మధ్యలో మారింది ఇల్లు కాదు, దాని మీద ఉన్న పేరు.

ఇక్కడ మన ఇంటి గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే మన పుస్తకాల్లోనే దాని గురించి తక్కువ ఉంది. పాటల మీద రాశాం, పండుగల మీద రాశాం, పోరాటాల మీద రాశాం. ఇంటి మీద రాయలేదు. వాస్తు అనే మాట వింటే ఈశాన్యం మూల తప్ప ఇంకేదీ గుర్తురానంతగా ఆ మాట పాడైపోయింది, అది వేరే గొడవ. గోండిలో ఇంటిని రోన్ అంటాం. మా ఊళ్ళో ఇల్లు కట్టాలంటే ముందు జాగా చూసేది పెద్దలు. వాన నీరు ఎటు పారుతుంది, గాలి ఎటు నుంచి వస్తుంది, పశువుల కొట్టం ఎక్కడ పడుతుంది అని చూస్తారు. గుంజలు నాటే రోజు ఊరి పని. ఆ రోజు ఎవరి చేనుకు వారు పోరు. గుంజ బొడ్డు పట్టే కర్ర ఏది, నీళ్ళకు నిలిచే కర్ర ఏది, చెద తినే కర్ర ఏది అన్న తెలివి చదువుకున్న ఇంజనీరుకు కూడా ఒకరోజులో రాదు. చూరు ఎందుకు అంత కిందికి దించుతారని పట్నం నుంచి వచ్చినవాళ్ళు అడుగుతారు, తల వంచి లోపలికి రావాలి కదా అని. వాన ఏటవాలుగా కొడితే మట్టి గోడ తడవకుండా ఆ చూరే కాపాడుతుంది. ఎండకాలం గోడకు నీడ పడేది దాని వల్లనే. తడక మీద లోపలా బయటా మట్టి పూస్తే గోడ మందం జానెడుకు తక్కువే ఉంటుంది, అయినా మధ్యాహ్నం లోపల కూర్చోగలం.

గుంజలు, వాసాలు, కప్పు మగవాళ్ళ పని. గోడ ఆడవాళ్ళది. మట్టి పట్టడం, పెండతో అలకడం, సుద్దతో, ఎర్రమన్నుతో పట్టీలు వేయడం, గోడకే గూళ్ళు తీయడం, గింజలు దాచే గాదెకు పూత వేయడం. ఏడాదికోసారి పండుగ ముందు గోడ మళ్ళీ కొత్తదవుతుంది. అందుకే మన ఇల్లు ఎప్పుడు కట్టారు అంటే ఒక్క జవాబు ఉండదు. గుంజ నాటినది తాత, కప్పు మార్చినది నాయన, గోడ పోయిన దండారికి అమ్మ పూసింది. మ్యూజియంలోని గుడిసె దగ్గర మాకు తోచే పెద్ద లోటు ఇదే. అక్కడ గోడను ఒకసారి చేసి వదిలేస్తారు. అలకని మట్టి గోడ మట్టి గోడ కాదు, దాని బొమ్మ.

ఇంత చెప్పి, మన గుడిసెలనే మనం పట్టుకుని ఉండాలని మేము అనబోము. మన రచయితల్లో కొందరు స్లాబు ఇంట్లో కూర్చుని గడ్డి ఇంటి మీద కవితలు రాస్తారు. గడ్డి కప్పు కింద వానకాలం గిన్నెలు పెట్టుకుంటూ తిరిగిన ఆడపిల్లను అడగండి, ఆమెకు ఏం కావాలో చెబుతుంది. 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ళ పథకం మొదలుపెట్టినప్పుడు మన గూడేల్లో ఆశపడనివారు లేరు. 400 చదరపు అడుగులు, 5 లక్షల రూపాయలు, స్లాబు, వంటగది, మరుగుదొడ్డి. ఆశపడటం తప్పు కాదు. కానీ రెండు మాటలు అడగాలి. మొదటిది, మన ఇల్లు నిలవకపోవడానికి కారణం మట్టి ఒక్కటే కాదు. మంచి గుంజ కావాలంటే అడవి మీద హక్కు కావాలి. టేకు దుంగ ముట్టుకుంటే కేసు. వెదురు కూడా చాలా కాలం చట్టంలో చెట్టు కిందే లెక్క. 2006 అటవీ హక్కుల చట్టం దాన్ని చిన్న తరహా అటవీ ఫలసాయంలో చేర్చింది, 2017లో అడవి బయట పెరిగే వెదురును చెట్ల లెక్కలోంచి తీశారు. అప్పటికి రెండు మూడు తరాలు సన్న కర్రలతో, పాత కర్రలతో ఇల్లు కట్టుకున్నాయి. కర్ర దొరకనివ్వకుండా చేసి, తర్వాత వీళ్ళ ఇల్లు బలహీనం అన్నారు.

రెండోది, పాత ఇంటిని కూల్చి ఆ జాగాలో స్లాబు వేస్తున్నప్పుడు ఎవరైనా ఒక్కసారి ఆ ఇంటి కొలతలు తీస్తున్నారా? ఏ గుంజ ఎంత లోతు, వాసానికి దూలానికి ముడి ఎట్లా వేశారు, గాదె ఎక్కడ ఉండేది? కొలత తీయడానికి పెద్ద ఖర్చు కాదు. ఒక టేపు, ఒక కాగితం, ఒక పూట చాలు. కొత్త ఇల్లు వచ్చినందుకు సంతోషమే. పాత ఇంటి తెలివి అంతా ఒక పొక్లెయిన్ గంటలో మట్టిలో కలుస్తున్నది, అది దుఃఖం. సొన్నెవెల్డ్ ఇంటిని కాపాడే మనుషులు చేస్తున్నది కూడా పెద్దదేమీ కాదు, కొలత, కాగితం, పేరు.

పేరు దక్కిన మనవాళ్ళు లేరా అంటే ఉన్నారు. ఆటకు, పాటకు దక్కింది. మార్లవాయి గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో వచ్చింది. ఇద్దరూ 2024లో వెళ్ళిపోయారు. చేతిపనిలో ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అది మళ్ళీ ప్రాంతం పేరు, మనిషి పేరు కాదు. ఇల్లు కట్టే తెలివికి ఏదీ రాలేదు. అలాంటి తెలివి ఉందని గుర్తిస్తే కదా బిరుదు ఇచ్చేది.

పేరు ఒక్కటి వస్తే చాలు అని కూడా అనుకోలేం. భోపాల్ సంగతి చూడండి. చార్లెస్ కొరియా గీసిన భారత్ భవన్ 1982లో తెరిచారు. ఆ రోజుల్లోనే పటన్‌గఢ్ అనే ఊరి నుంచి జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే ప్రధాన్ యువకుడిని, ఇంటి గోడల మీద బొమ్మలు వేసేవాడిని, చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందం అక్కడికి తీసుకొచ్చింది. ఆయన బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. మధ్యప్రదేశ్ అసెంబ్లీ భవనం కూడా కొరియాదే. దాని గోడల మీద జన్‌గఢ్ బొమ్మలు వేశాడు. గోడ బొమ్మ గోడ దాటి కాగితం మీదికి వచ్చి మనిషి పేరుతో నిలవడం అది మొదలు. ఆయన వెనక ఆయన ఊరివాళ్ళు ఎందరో చిత్రకారులయ్యారు. కానీ 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేయడానికి పోయిన జన్‌గఢ్ అక్కడే ప్రాణం తీసుకున్నాడు. నలభై ఏళ్ళు నిండలేదు. పేరు ఇచ్చినవాళ్ళు మనిషికి ఇంకేం ఇచ్చారని అప్పటి నుంచి కళాకారులు అడుగుతూనే ఉన్నారు.

అదే భోపాల్‌లో శ్యామ్లా గుట్టల మీద ఇందిరా గాంధీ జాతీయ మానవ సంగ్రహాలయం ఉంది. అక్కడ ఆరుబయట ఉన్న ఆదివాసీ ఇళ్ళను ఆయా ప్రాంతాల మనుషులే వచ్చి తమ చేతులతో కట్టారు. మైనపు బొమ్మల ఇంటికీ దీనికీ చాలా తేడా ఉంది. కట్టినవారిని పిలిచారు, కూలి ఇచ్చారు, వాళ్ళ పద్ధతి ప్రకారమే కట్టనిచ్చారు. మన రాష్ట్రంలో ఎవరైనా కొత్త కేంద్రం పెడతామంటే కనీసం ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి.

ఇక డిజిటల్ సంగతి. ఈ మాట వస్తే మన పెద్దలు మనకెందుకు అంటారు, మన పిల్లలు ఫోన్ బయటికి తీస్తారు. మా అభిప్రాయంలో, మూడు విషయాల్లో మన మేలు కొంత జరిగింది ఈ ఒక్కదానిలోనే. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలో గుంజాల అనే ఊరు ఉంది. అక్కడ గోండి లిపిలో రాసిన చేతిరాత ప్రతులు దొరికాయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివాళ్ళు, ఊరి పెద్దలు, చదువుకున్న మన పిల్లలు కలిసి వాటిని చదివించారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది, గుంజాల గోండి అనే పేరుతో. అంటే లోకంలో ఏ కంప్యూటర్ తయారైనా అది పాటించే పట్టికలో మన గూడెం పేరు ఉంది. దానికి ఒక ఏడాది ముందు మసరం గోండి లిపి చేరింది. 1918లో బాలాఘాట్ వైపు మున్షీ మంగళ్ సింగ్ మసరం తయారుచేసిన లిపి అది, దానికి ఆయన ఇంటి పేరే పెట్టారు. చూడండి, ఒకదానికి ఊరి పేరు, ఇంకొకదానికి చేసినవారి పేరు. మన పనికి పేరు పెట్టడం సాధ్యమే అని ఏ భవనమూ చూపని రుజువును ఈ పట్టిక చూపింది. రాష్ట్రంలో ఆదివాసీ డిజైన్‌కు దక్కిన గట్టి కేంద్రం ఏదంటే, ద్వారం లేని, గోడ లేని ఆ అక్షరాల వరసే అంటాం.

అయితే పట్టికలో చోటు దొరికితే బడిలో చోటు దొరికినట్టు కాదు. 1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దొర పూనికతో గోండు పంతుళ్ళకు శిక్షణ కేంద్రం పెట్టారు. అప్పుడు గోండి వాచకాలు దేవనాగరి అక్షరాల్లో అచ్చువేశారు. మన భాషలో మన పంతులు పాఠం చెప్పడం అన్న ఆలోచన అక్కడ మొదలైంది. ఇన్నేళ్ళు గడిచాయి. ఈ రోజు పిల్లవాడు ఫోన్‌లో గోండి మాటను తెలుగు అక్షరాల్లోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో కొడుతున్నాడు. 2024లో గూగుల్ అనువాదంలో ఒకేసారి 110 భాషలు చేర్చారు, సంతాలీ ఉంది, తుళు ఉంది, గోండి లేదు. సంతాలీకి 2003 నుంచి ఎనిమిదో షెడ్యూలు బలం ఉంది, మనకు లేదు. 2025లో కేంద్ర గిరిజన శాఖ ఆది వాణి అనే యాప్ తెచ్చింది, అందులో గోండి ఉంది. అది ఛత్తీస్‌గఢ్ గోండి. మన ఉట్నూరు పిల్లలకు కొంత అర్థమవుతుంది, కొంత కాదు. యాప్ మంచిదే. మన గోండి దానికి రావాలంటే మన మాటలు ఎవరో రికార్డు చేయాలి. ఇక్కడే మళ్ళీ మొదటి ప్రశ్న వస్తుంది. మాట ఇచ్చిన అవ్వ పేరు ఎక్కడ ఉంటుంది? ఆమె వద్దంటే తీసేస్తారా?

ఇది ఊహించి అడుగుతున్నది కాదు. హైమన్‌డార్ఫ్ తీసిన వేల ఫోటోలు, సినిమాలు లండన్‌లోని సోయస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి, చాలా ఫోటోలను డిజిటల్ చేశారు. మన తాతల ఇళ్ళు ఎట్లా ఉండేవో చూడాలంటే ఇప్పుడు మనం లండన్ వైపు చూడాలి. ఉన్నందుకు కృతజ్ఞతే. అయితే ఆ ఫోటోలను మన గూడేల్లో పెద్దల ముందు పెట్టి, ఇది ఎవరి ఇల్లు, ఇతను ఎవరి తాత అని అడిగి పేర్లు రాసుకునే పని ఇంకా మన చేతుల్లోనే ఉంది. గుర్తుపట్టగలిగినవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. భవనం ఇంకో పదేళ్ళు ఆలస్యమైనా కొంప మునగదు. ఇది మాత్రం ఆగేది కాదు.

కాబట్టి ఒక కేంద్రం కావాలంటే ఎక్కడ కావాలి? కనకమామిడి దారిలో జాగా చూసి, రాతి గోడ కట్టి, లోపల పది గుడిసెలు నిలబెట్టి టికెట్ పెడితే అక్కడ ఇంకో ఫామ్‌హౌస్ లేచినట్టే. కేంద్రం అసలు వేరు ఇళ్ళు ఇంకా కడుతున్న చోట ఉండాలి, ఉట్నూరులో, ఏటూరునాగారంలో, భద్రాచలంలో, ఐటీడీఏ ఉన్న చోట ఒక గది చాలు. అందులో టేపు, కెమెరా, కంప్యూటర్, గోండి కోయ కొలామీ తెలిసిన ఇద్దరు పిల్లలు. కూల్చబోయే ప్రతి ఇంటికీ ముందు కొలత. పట్నం వైపు ఒక శాఖ పెడితే కనకమామిడి వంటి చోట పెట్టండి, అభ్యంతరం లేదు, దాని పని వేరే. తోటల్లో హెల్పర్ అని రాసుకున్న మన పిల్లల పేర్లు అక్కడ మేస్త్రీలుగా నమోదు కావాలి. మట్టి ఇల్లు కావాల్సినవాడు అక్కడికి వచ్చి వాళ్ళతో ఒప్పందం రాసుకోవాలి. ఆర్కిటెక్ట్ పేరు పక్కన తడక అల్లినవాని పేరు కూడా బోర్డు మీద ఉండాలని ఆ ఒప్పందంలో ఒక వరుస చేర్చాలి. ఆ వరుస చేర్చడానికి ఏ అసెంబ్లీ చట్టమూ అవసరం లేదు.

ప్రభుత్వం వచ్చేదాకా కూర్చోలేక మా బడిలో పోయిన ఏడు ఒక పని మొదలుపెట్టాం. ఆరో తరగతి నుంచి పైవాళ్ళు తమ ఇంటి నక్ష గీసుకురావాలి. మూరలతో కొలిచినా సరే. కింద మూడు గీతలు: గుంజలు నాటినవారు, కప్పు వేసినవారు, గోడ పూసినవారు. మొదటి వారం అందరూ నాయన పేరే రాసుకొచ్చారు. ఇంటికి పోయి మళ్ళీ అడిగి రమ్మన్నాం. రెండోసారి గోడ గీత దగ్గర అమ్మల పేర్లు, అవ్వల పేర్లు వచ్చాయి. ఒక పిల్ల తన పేరు కూడా రాసింది, పోయిన దండారికి కింది వరస తనే పూసిందట. మొత్తం 43 కాగితాలు. బీరువా లేదు, రేకు పెట్టెలో వేపాకు వేసి ఉంచాం. అందులో ఐదు ఇళ్ళు ఇప్పటికే లేవు.